చిడియా టాపూలో విన్న పిట్టా, మా నాన్న పెంచిన శ్యామా ఒకటేనా?

కొండితోపు కమల

ముందే చెప్పేస్తున్నాను, నేను పిట్టలు చూసే మనిషిని కాదు. చెన్నై ప్యారీస్ కార్నర్‌లో ఒక కాగితాల హోల్‌సేల్ కొట్టులో ఇరవై ఆరేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. నాకు తెలిసిన పిట్టలు కాకి, పావురం, ఎప్పుడైనా కొట్టు ఎదురు కరెంటు స్తంభం మీద వాలే గద్ద. అంతే. పిట్టల సంగతులు తెలిసినవాళ్లు రాసుకునే ఈ చోటికి రావడానికి కారణం మా నాన్న. ఆయనకు ఎనభై రెండేళ్లు. మూడు వారాలుగా ఇంట్లో ఇదే గొడవ.

ఫిబ్రవరిలో అండమాన్ వెళ్లాం. మా ఆడపడుచును పోర్ట్ బ్లెయిర్‌లో ఇచ్చారు. వాళ్ల అత్తగారివాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి రెండు తరాలుగా అక్కడే స్థిరపడ్డారు. ఇక్కడ చెన్నైలో విమానం ఎక్కితే రెండుంబావు గంటలు. కానీ పెళ్లయిన ముప్పయ్యేళ్లలో వెళ్లడం ఇదే మొదటిసారి, అది వేరే కథ. ఊరికి కొత్త పేరు పెట్టారు కదా, శ్రీ విజయపురం అని. మా ఆడపడుచు ఫోన్లో ఇప్పటికీ పోర్ట్ బ్లెయిర్ అనే అంటుంది, నేనూ అదే రాస్తాను.

ఒకరోజు అన్నయ్యగారు, అంటే మా ఆడపడుచు భర్త, చీకటితోనే లేపి చిడియా టాపూకి తీసుకెళ్లారు. ఊరికి దక్షిణంగా ఓ పాతిక కిలోమీటర్లు ఉంటుంది. సముద్రం పక్కనే దట్టమైన అడవి. అక్కడ ఐదున్నరకల్లా వెలుగొచ్చేస్తుంది, సాయంత్రం మళ్లీ ఐదున్నరకే చీకటి. వంటకి టైము లెక్క తప్పిపోతోందని మా ఆడపడుచు ఇన్నేళ్లకీ గొణుగుతూనే ఉంది.

రోడ్డు పక్కన కారు ఆపి ఫ్లాస్కులో టీ పోసుకుంటుంటే పొదల్లోంచి ఓ పాట వచ్చింది. పాట అనే అనాలి, కూత అనలేం. ఈల వేసినట్టు మూడు నాలుగు స్వరాలు, ఆగుతుంది, మళ్లీ ఇంకో రకంగా నాలుగు స్వరాలు. మా ఆయన టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నేను ఫోన్ తీసి రికార్డు చేశాను. నలభై ఏడు సెకన్లు. అందులో పన్నెండు సెకన్లు మా ఆయన "ఎక్కడ, ఎక్కడ" అనడమే. పిట్ట ఒక్క క్షణం కనిపించింది. నల్లగా ఉంది, తోక పొడుగు. కొమ్మ మీద వాలగానే తోక పైకి విదిల్చి లోపలికి పోయింది. "ఇది శ్యామా" అన్నారు అన్నయ్యగారు.

శ్యామా అనే మాట వినగానే నాకు నాన్న గుర్తొచ్చారు. 1964లో, పెళ్లి కాకముందు, వాషర్‌మెన్‌పేట ఇంట్లో ఆయన ఒక శ్యామాను పెంచారు. మూర్ మార్కెట్‌లో పన్నెండు రూపాయలకు కొన్నారట, అప్పట్లో ఆయన జీతం తొంభై. పంజరానికి తెల్లగుడ్డ ముసుగు. పుట్నాల పొడిలో నెయ్యి కలిపి, మిడతలు పట్టుకొచ్చే పిల్లలకు అణా ఇచ్చి... మా నానమ్మ "నన్నింత బాగా చూసుకున్నావట్రా" అనేదట. అది కొరుక్కుపేట గూడ్సుబండి కూత కూడా కూసేదని నాన్న చెబుతారు. ఆ ఒక్కటీ నేను నమ్మను. రెండేళ్ల తర్వాత ఒకరోజు పంజరం తలుపు వేయడం మరిచిపోతే ఎగిరిపోయిందట. ఈ కథ నా చిన్నప్పటి నుంచి వంద సార్లు విన్నాను.

ఇంటికి రాగానే ఆ రికార్డింగు వినిపించాను. సంతోషిస్తారనుకున్నాను. హియరింగ్ ఎయిడ్ సరిచేసుకుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నాలుగు సార్లు విన్నారు. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టి, "ఇది మన తోక నాలంచి కాదే" అన్నారు. (శ్యామాను ఆయన అలాగే అంటారు.) "మాటలు మన మాటల్లాగే ఉన్నాయి, యాస వేరు. మనది ఒక్క ఊపిరిలో అల్లుకుంటూ పోయేది. ఇది పద్యం మరిచిపోయిన పిల్లాడిలా ఆగి ఆగి అంటోంది."

అన్నయ్యగారేమో ఫోన్లో "శ్యామానే మావయ్యగారూ, ఇక్కడ చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు" అంటారు. ఆ రోజు నుంచి ఇద్దరికీ పంతం. మధ్యలో నేను.

అరవై ఏళ్ల కిందటి పాట ఆయనకంత కచ్చితంగా గుర్తుంటుందా? లేక ఇది నిజంగానే వేరే పిట్టా? తెలిసినవాళ్లు చెప్పండి. రికార్డింగు కింద పెట్టాను. మా ఆయన గొంతు పట్టించుకోకండి.

వేళచ్చేరి వెంకట్

రికార్డింగు విన్నానండీ. మీ ఆయన గొంతు బాగానే ఉంది.

చెప్పేముందు ఒక అనుమానం తీర్చుకోవాలి. అండమాన్‌లో తోక చివర రెండు ఈకలు తీగల్లా వేలాడే పసులపోలిగాడు ఉంటుంది. ఇతర పిట్టల గొంతులు దించడంలో దాన్ని మించింది లేదు. నేను ఒకసారి దాని మాయలో పడి, లేని పిట్ట కోసం గంటన్నర దోమలతో కుట్టించుకున్నాను. అందుకే అడుగుతున్నా. మీకు కనిపించినదాని పొట్ట ఏ రంగు? నడుము దగ్గర, తోక మొదట్లో తెలుపు కనిపించిందా? సరిగ్గా చూడకపోతే చూడలేదనే చెప్పండి. గుర్తు లేనిది ఊహించి చెప్తే అసలుకే మోసం.

కొండితోపు కమల

పొట్ట తెలుపు. అది మాత్రం ఖాయం, ఎందుకంటే నల్లకోటు వేసుకుని తెల్ల పంచె కట్టిన ప్లీడర్లా ఉందని ఆ క్షణంలోనే అనుకున్నాను. ఎగిరినప్పుడు నడుము దగ్గర తెలుపు కనిపించింది. మా ఆయన ఒక ఫోటో తీశారు గానీ అందులో ఉన్నది ఆకులు, ఒక మూల సగం తోక. తోక కింద ఇటుకరంగు కాస్త ఉంది. నీడో నిజమో చెప్పలేను.

వేళచ్చేరి వెంకట్

ఇంకేం, ముడి విడిపోయింది. మీ నాన్నగారూ రైటే, మీ అన్నయ్యగారూ రైటే.

మీరు చూసింది అండమాన్ శ్యామా. మీ నాన్నగారు పెంచింది మన వైపు అడవుల శ్యామా అయ్యుంటుంది. పడమటి కనుమల్లో, తూర్పు కనుమల్లో, శ్రీలంకలో, ఇటు ఈశాన్యం నుంచి ఆగ్నేయాసియా దాకా ఉంటుంది అది. దాని మగపిట్టకు రొమ్ము దాకా నలుపు, అక్కడి నుంచి పొట్టంతా ఇటుకరంగు. నాన్నగారినే అడగండి, ఆయన దానికి పొట్ట ఏ రంగో చెప్పకపోతే నా పేరు మార్చుకుంటాను. అండమాన్ దానికి నల్ల రొమ్ము కింద తెల్లటి పొట్ట, ఇటుకరంగు కింద తోక వైపుకు జరిగిపోయింది. ఇంకో తేడా కూడా ఉంది. మన శ్యామాల్లో ఆడది బూడిద గోధుమరంగులో ఉంటుంది, చూడగానే తెలిసిపోతుంది. అండమాన్‌లో ఆడది కూడా దాదాపు మగదాని వేషమే, కాస్త వెలిసినట్టుంటుంది, అంతే.

దీన్ని మొదట వర్ణించింది ఎడ్వర్డ్ బ్లైత్, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంలో పనిచేసిన ఆయన, 1858లో. పోర్ట్ బ్లెయిర్‌కు ఖైదీలను తీసుకెళ్లడం మొదలైన సంవత్సరం కూడా అదే. ఆయన పెట్టిన లాటిన్ పేరుకు అర్థం "తెల్లపొట్టది" అనే. అంటే మీ ప్లీడరు పంచె ఆయనకూ కనిపించిందన్నమాట. తర్వాత చాలాకాలం దీన్ని మామూలు శ్యామాలో ఒక రకంగానే లెక్కగట్టారు. ఇప్పుడు పక్షుల జాబితాల్లో వేరే జాతిగా రాస్తున్నారు. ప్రపంచం మొత్తంలో అండమాన్ దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేదు. పదో డిగ్రీ ఛానెల్ దాటి నికోబార్ వెళ్తే అక్కడా దొరకదు.

ఇక యాస సంగతి. మీ నాన్నగారు తెలిసి అన్నారో తెలియక అన్నారో గానీ, అది పోలిక కాదు, ఉన్నమాట. ఈ రకం పాడే పిట్టలకు పాట పూర్తిగా పుట్టుకతో రాదు. పిల్లలు పెద్దవాటిని విని నేర్చుకుంటాయి. అండమాన్ దీవులంటే బర్మా అరకాన్ కొండలు సముద్రంలోకి దిగి, శిఖరాలు మాత్రం పైకి తేలిన చోటు. ఎప్పుడో అటు నుంచి నాలుగు శ్యామాలు వచ్చి ఉంటాయి. తర్వాత పక్క ఊరి పాట వినే వీలు లేదు. తరాల కొద్దీ తమలో తామే నేర్చుకుంటూ పోయాయి. నేను మౌంట్ హ్యారియట్‌లో విన్నప్పుడు (ఇప్పుడది మౌంట్ మణిపూర్) నాకూ అలాగే అనిపించింది. చిన్న చిన్న ముక్కలు, మధ్యలో ఖాళీ. మన శ్యామా అల్లిక దానికి రాదు. కానీ ఆ ఖాళీలో అడవి వినిపిస్తుంది, అది నాకు ఇష్టం.

అరవై ఏళ్ల తర్వాత నలభై ఏడు సెకన్లలో, అందులోనూ పన్నెండు సెకన్లు పోగా, తేడా పట్టేశారంటే... ఆయన్ని ఒకసారి గిండీ పార్కుకు తీసుకురాకూడదా? ఆదివారం పొద్దున మేం నలుగురైదుగురం వెళ్తుంటాం.

పాత కాగితం

నేను అల్లికుళం కాంప్లెక్సులో పాత పుస్తకాలు అమ్ముతాను. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయాక మమ్మల్ని అక్కడికి పంపారు. కమలగారూ, మీ నాన్నగారు కొన్న పిట్టల వరస నాకు గుర్తుంది, పుస్తకాల వైపు నుంచి వెనక్కి వెళ్తే ముందు వాసన వచ్చేది, తర్వాత గోల.

"తోక నాలంచి" అన్నారే, ఆ మాట చదివి లేచి కూర్చున్నాను. ఈ రోజుల్లో అది ఎవరి నోటా రాదు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా చేసి, నెల్లూరులో కొన్నాళ్లున్న థామస్ జెర్డన్ అనే ఆయన 1862, 64 మధ్య అచ్చువేసిన పక్షుల సంపుటాల్లో ప్రతి పిట్టకూ స్థానికుల పేరు రాసిపెట్టాడు. ఎండిన రాళ్ల మీద, గోడల మీద గెంతే చిన్న నల్లపిట్ట నాలంచి. తోటల్లో ఉండే నలుపు తెలుపు పిట్ట పెద్ద నాలంచి. శ్యామా తోక నాలంచి. చూడండి, మనవాళ్లు ఎంత చక్కగా వరస కలిపారో. శాస్త్రజ్ఞులు కూడా పెద్ద నాలంచినీ శ్యామాలనూ ఒకే కుటుంబంలో, ఒకే ఇంటిపేరు కింద పెడతారు.

పెద్ద నాలంచికి ఇంకో పేరు కూడా జెర్డన్ రాశాడు, సారెలగాడు అని. ఇక్కడే నాకు ఇరవై ఏళ్లుగా ఒక దురద. ఈ పిట్ట శాస్త్రీయ నామంలో రెండో మాట సౌలారిస్. 1758లో, జీవులకు శాస్త్రీయ నామాల పద్ధతి పెట్టిన లినేయస్ పెట్టాడు. సూర్యుడి గడియారానికి సంబంధించిన సోలారిస్ అనే మాటను తప్పుగా రాశాడని జెర్డన్ అన్నాడు. కాదు, అది "సౌలరీ" అనే దేశీయ పదం, వంద పాటలు అని అర్థం అని బ్లైత్ అన్నాడు. (పైన వెంకట్‌గారు చెప్పిన బ్లైతే.) ఆ సౌలరీ అనే పేరుతో ఒక మగపిట్టను ఇంగ్లండులో జేమ్స్ పెటివర్ అనే ప్రకృతి పరిశోధకుడికి పంపింది ఎవరో తెలుసా? ఎడ్వర్డ్ బల్క్‌లీ. ఎక్కడి నుంచి? మన జార్జి కోట నుంచి! అక్కడ సర్జను ఆయన. ఆ మద్రాసు పిట్టల వివరాలు 1713లో జాన్ రే అనే ఆయన పక్షుల పుస్తకం చివర అచ్చయ్యాయి.

సౌలరీ హిందుస్తానీ మాట అని అందరూ రాస్తారు. నేనంటాను, పిట్ట మద్రాసుది, పట్టినవాడు మద్రాసువాడు, ఆ రోజుల్లో కోట చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవాళ్లు ఎంతమంది! "ఇదేంట్రా" అని దొర అడిగితే "సారెల" అని ఉంటాడు, దొర చెవికి సౌలరీ అయి ఉంటుంది. ఇది నా ఊహ మాత్రమే, ఎవరూ నమ్మనక్కర్లేదు. మా ఆవిడ కూడా నమ్మదు.

అసలు ప్రశ్నకు దూరం వచ్చేశాను. క్షమించండి.

అడవిదారి

ఎవరూ అనడం లేదు కాబట్టి నేనే అంటాను. అడవి పిట్టను పంజరంలో పెట్టిన కథను ఇంత ముద్దుగా చెప్పుకోవడం నాకు నచ్చలేదు. 1972 వన్యప్రాణి చట్టం, తర్వాత 1990 ప్రాంతంలో మన దేశీ పిట్టల వ్యాపారం మీద పూర్తి నిషేధం, ఇవన్నీ ఊరికే రాలేదు. శ్యామా గొంతే దానికి శత్రువు. ఇండోనేషియాలో పాటల పోటీల కోసం పట్టి పట్టి, సుమత్రా పడమటి వైపు చిన్న దీవుల్లో కొన్నిట్లో శ్యామా అన్నది లేకుండా చేశారు. పెద్ద అడవిలో పది పడితే ఇంకో పది వస్తాయి. దీవిలో ఎక్కడి నుంచి వస్తాయి? అండమాన్‌ది ఇప్పటికి ప్రమాదం అంచున లేదు, బతికిపోయింది. మీ నాన్నగారిని అనడం లేదు. ఆ రోజులు వేరు. కానీ రికార్డింగు ఉన్న చోటు రోడ్డు పేరుతో సహా ఇలా రాయకండి.

కొండితోపు కమల

అడవిదారిగారూ, కోపం వచ్చింది. ఒప్పుకుంటున్నాను. సాయంత్రం దాకా జవాబు రాయకుండా ఉండి, ఇప్పుడు రాస్తున్నాను. మీరన్నది తప్పు కాదు. నేను రోడ్డు పేరు రాయలేదు గానీ, రికార్డింగు తీసేశాను. కావలసినవాళ్లు అడిగితే పంపుతాను.

వెంకట్‌గారూ, పొట్ట రంగు అడిగాను. నేను నోరు తెరిచేలోపే "బాగా కాలిన ఇటుకరంగు, ఇంకేముంటుంది" అన్నారు. మీ పేరు మార్చుకోనక్కర్లేదు. "ఆడది ఎలా ఉంటుంది" అంటే "ఆడదాన్ని ఎవడు కొంటాడు, అది పాడదుగా" అన్నారు. దాని మీద మా ఇంట్లో వేరే చర్చ జరిగింది, అది ఇక్కడ రాయను.

పాత కాగితంగారూ, సారెలగాడు అనగానే నాన్న నవ్వారు. మా నానమ్మ ఎక్కువ మాట్లాడేవాళ్లను సారెలగాడు అని తిట్టేదట. మీ ఊహకు మా ఇంట్లో ఒక ఓటు పడింది.

పెరంబూరు మోహన్

నేను ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. సీషెల్స్‌లో ఆరేళ్లు ఒక హోటల్ అకౌంట్స్‌లో పనిచేసి వచ్చాను. పాత కాగితంగారి "ఒకే ఇంటిపేరు" మాట చూసి రాయాలనిపించింది. మన పెద్ద నాలంచికి అక్కడొక చుట్టం ఉంది. ఆ దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేదు. అచ్చం మన దానిలాగే తోక ఎత్తుకుని నడుస్తుంది గానీ ఒళ్లంతా నీలి మెరుపుతో నల్లన, రెక్క మీద మాత్రం తెల్ల పట్టీ. ఆడా మగా ఒకటే. అక్కడి క్రియోల్ భాషలో దాని పేరుకు పాడే పిట్ట అనే అర్థం వస్తుంది.

నాకు పిట్టలంటే పెద్ద ఇష్టం లేదు. ఒక సెలవు రోజు ప్రాలిన్ నుంచి కూజాన్ అనే చిన్న దీవికి పడవ ఎక్కాను, అందరూ వెళ్తున్నారని. దీవి దగ్గరికి రాగానే మా పడవను ఆపేశారు. ఒడ్డుకు రానివ్వరు. దీవివాళ్ల పడవ ఎదురొచ్చింది, మమ్మల్ని అందులోకి మార్చుకుని తీసుకెళ్లారు. ఎందుకయ్యా ఇంత హంగామా అంటే, మీ పడవలో ఎలుక ఉండొచ్చు అన్నాడు అక్కడి కుర్రాడు. నేను నవ్వాను. అతను నవ్వలేదు.

తర్వాత నడుస్తూ చెప్పాడు. ఒకప్పుడు ఈ పిట్ట చాలా దీవుల్లో ఉండేది. మనుషులు వచ్చారు, అడవి కొట్టి కొబ్బరి వేశారు, వెంట పిల్లులు, ఎలుకలు వచ్చాయి. ఈ పిట్టకు నేల మీద దిగి ఆకుల్లో పురుగులేరుకోవడం అలవాటు. పిల్లి అంటే ఏమిటో దాని వంశంలో ఎవరికీ తెలియదు. ఒక్కో దీవిలో ఒక్కోసారి అయిపోయింది. చివరికి ఫ్రిగేట్ అనే ఒక్క దీవి మిగిలింది. 1965లో లెక్కపెడితే అక్కడ పన్నెండో పదిహేనో ఉన్నాయట. ప్రపంచం మొత్తానికి! మా హోటల్లో ఒక షిఫ్టుకు వెయిటర్లు అంతకంటే ఎక్కువ ఉండేవాళ్లు. పైగా గూటిలో పెట్టేది ఒకే ఒక్క గుడ్డు.

1980ల మొదట్లో ఫ్రిగేట్‌లో పిల్లులన్నిటినీ ఏరేశారు. అయినా 1990 నాటికి ఇరవై పైచిలుకే. అప్పుడు కూర్చుని పని మొదలుపెట్టారు. గూళ్లకు పెట్టెలు కట్టారు, తిండి పెట్టారు, గూళ్లు లాక్కునే గోరింకలను తరిమారు. 1990ల మధ్యలో కొన్నిటిని పట్టి కూజాన్‌కూ, దాని పక్కన కూజీన్‌కూ మార్చారు. 2002లో అరీద్, 2008లో డెనిస్. అన్నీ ఒక్క బుట్టలో ఉండకూడదని. ఆ జాగ్రత్త ఎంత అవసరమో వెంటనే తెలిసింది. 1995లో ఫ్రిగేట్‌కు ఎలుకలు చేరాయి.

అడవిదారిగారు వినాలని ఈ ముక్క రాస్తున్నాను. ఎలుకలను చంపడానికి 2000లో దీవి అంతా మందు చల్లాల్సి వచ్చింది. ఆ మందు తిన్న పురుగును పిట్ట తింటే పిట్ట కూడా పోతుంది. అందుకని మందు పని అయ్యేదాకా ఫ్రిగేట్‌లోని పిట్టలను పట్టి పంజరాల్లో పెట్టి, చేత్తో మేపి, తర్వాత వదిలారు. అన్నీ బతకలేదు గానీ చాలావరకు బతికాయి. 2005లో "అత్యంత ప్రమాదంలో" అనే జాబితా నుంచి ఒక మెట్టు కిందికి దించారు.

కూజాన్‌లో పెద్ద తాబేళ్లు ఉంటాయి, మన ఆటోలో సగం ఉంటాయి. ఒక తాబేలు నడుస్తుంటే దాని వెనకాలే ఈ నల్లపిట్ట గెంతుతోంది. తాబేలు కాలు కదిపిన చోట ఆకులు చెదిరి పురుగులు బయటపడతాయి, అదీ సంగతి. కాసేపటికి తాబేలు ఆగింది. పిట్ట చుట్టూ చూసి నా బూటు దగ్గరికి వచ్చి నిలబడింది, నువ్వైనా నడువు అన్నట్టు. రెండడుగులు వేశాను. పురుగేదో దొరికింది దానికి. దోమలు మాత్రం నా కాళ్లు తినేశాయి.

వేళచ్చేరి వెంకట్

మోహన్‌గారూ, మీకు పిట్టలంటే ఇష్టం లేదంటే నేను నమ్మను.

అడవిదారి

పంజరాల సంగతి నాకు తెలియదు. తెలిసింది. కమలగారూ, నిన్న మాట కాస్త గట్టిగా వచ్చింది.

కొండితోపు కమల

పర్వాలేదండీ. మా ఇంట్లో మాటలన్నీ గట్టిగానే వస్తాయి.

మోహన్‌గారు రాసింది నిన్న రాత్రి అన్నం తిన్నాక నాన్నకు చదివి వినిపించాను. ఆయనకు ఫోన్లో అక్షరాలు కనపడవు. తాబేలు దగ్గర నవ్వారు. పన్నెండో పదిహేనో అన్నప్పుడు "మళ్లీ చదువు" అన్నారు. మళ్లీ చదివాను. పిల్లుల దగ్గరికి వచ్చేసరికి కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆయన కళ్లజోడు తుడిస్తే ఏదో ఉందని అర్థం. ఆగాను.

"మన దానికీ పిల్లే" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "ఎగిరిపోయిందన్నారుగా?"

"తలుపు మరిచిపోయింది నిజమే. ఎగిరిపోలేదు. పొద్దున లేచి చూస్తే పంజరం కింద పడి ఉంది. నాలుగు ఈకలు. పక్కింటి పిల్లి. మీ నానమ్మ ఊడ్చేసి, ఎగిరిపోయిందని చెప్పు, లేకపోతే పిల్లలు ఏడుస్తారంది. అప్పుడు ఇంట్లో మా చెల్లెళ్లు చిన్నవాళ్లు. చెప్పాను. తర్వాత నువ్వు పుట్టావు, నీకూ అదే చెప్పాను. చెప్పీ చెప్పీ నాకూ అదే అలవాటైపోయింది."

అరవై ఏళ్లు! మా మేనత్తలిద్దరూ డెబ్బై దాటారు. ఇద్దరికీ ఆ పిట్ట ఎగిరి ఎటో వెళ్లిందనే తెలుసు. చిన్నత్త అయితే రాయపురం వైపు వెళ్లడం తన కళ్లతో చూశానంటుంది. ఆవిడకు ఇప్పుడు నేను చెప్పాలా వద్దా అన్నది తేలలేదు. నాన్న వద్దన్నారు. సరే.

కాసేపయ్యాక ఆయనే, "ఎలుకల మందు వేసినప్పుడు పంజరంలో పెట్టారన్నావే, ఆ పిట్టలకు ఏం పెట్టేవాళ్లో రాశాడా ఆయన?" అని అడిగారు. రాయలేదన్నాను. మోహన్‌గారూ, మీకు తెలిస్తే చెప్పండి. పుట్నాల పొడి నెయ్యి కాకుండా ఇంకేదైనా అయితే ఆయనతో చెప్పడానికి నాకు కాస్త ధైర్యం కావాలి.

వెంకట్‌గారూ, ఈ ఆదివారం గిండీకి తీసుకొస్తాను. ఆటోలో వస్తాం, ఆరున్నరకు. ఎక్కువ దూరం నడవలేరు, నీడలో కూర్చోబెడితే చాలు. సారెలగాడు పాడే చోటు ఏదైనా ఉంటే దానికి దగ్గరగా.

ఇంకొకటి. అన్నయ్యగారితో రాజీ కుదిరింది. ఇది శ్యామానే, కానీ వాళ్ల ఊరి శ్యామా అని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ ఉత్సాహంలో ఆయన నిన్న పొద్దున మళ్లీ వెళ్లి రెండు నిమిషాల రికార్డింగు పంపారు. దారిలో ఎవరింటి దగ్గర ఆగారో ఏమో, అందులో పిట్ట రెండుసార్లు పాడింది, కోడి ఇరవై సార్లు కూసింది. నాన్న చెవి దగ్గర పెట్టుకుని మొత్తం విన్నారు.

"కోడికి మాత్రం యాస తేడా ఏమీ లేదే" అన్నారు.